గోడకూ దయ్యానికీ ఒకే చర్మం

మా అవ్వ సైదాపురం దగ్గర ఒక అభ్రకం షెడ్డులో పొరలు చీల్చే పనికి పోయేది. నేను పుట్టేనాటికే గనులు చాలావరకు మూతపడినా, ఆ షెడ్డు మాత్రం నాకు ఏడెనిమిదేళ్లు వచ్చేదాకా నడిచింది. సాయంత్రం ఇంటికి వచ్చి ఎన్నిసార్లు చేతులు కడుక్కున్నా ఆమె గోళ్ల సందుల్లోనూ మోచేతి మడతల్లోనూ ఆ పొడి మిగిలే ఉండేది. రాత్రి కరెంటు పోయినప్పుడు ఆమె నా పక్కన పడుకొని విసనకర్ర విసురుతుంటే, కిటికీలోంచి పడే వెన్నెలకు ఆ చెయ్యి కదిలినంతసేపూ మిణుకుమిణుకుమనేది, విసరడం ఆపగానే చీకట్లో కలిసిపోయేది. అది మళ్లీ ఎప్పుడు కనిపిస్తుందా అని నేను ఊపిరి బిగబట్టి చూసేవాణ్ణి. ముప్పై ఏళ్ల తరువాత ఒక భయానక చిత్రానికి పిశాచాన్నీ, అది తిరిగే గనినీ తయారు చేయవలసి వచ్చినప్పుడు నాకు చివరికి పనికి వచ్చింది ఆ చెయ్యే. అయితే ఆ సంగతి తెలుసుకోవడానికి నాలుగు నెలలు పట్టింది, అచ్చుల్లో పోస్తే రబ్బరులా గట్టిపడే సిలికాను ఒక బకెట్టెడు పారబోయవలసి వచ్చింది.

మా నాన్న నెల్లూరులో సినిమా బ్యానర్లు రాసేవాడు. ఫ్లెక్సీలు వచ్చి ఆ పని పోయింది. నేను శిల్పం నేర్చుకున్నాను కాని నాకు అన్నం పెట్టినవి వినాయక చవితి విగ్రహాలూ, పెళ్లి మండపాల ముందు నిలబెట్టే ఫైబర్ ఏనుగులూ, కూడళ్లలోని నాయకుల బొమ్మలూ. సినిమా కళా విభాగంలో రెండు చిత్రాలకు సహాయకుడిగా కూడా పనిచేశాను. అక్కడ నా పని ఎక్కువగా కొత్త గోడను పాత గోడగా మార్చడమే. ఆ విభాగంలో దాన్ని ఏజింగ్ అంటారు. టీ డికాక్షను, మసి, ఎర్రమట్టి, పలచటి వార్నిషు ఉంటే నిన్న కట్టిన గోడకు ఒక పూటలో నూరేళ్లు నింపవచ్చు.

2023 మే నెలలో ఆత్మకూరు వైపు కుర్రవాడొకడు, నాకంటే పదేళ్లు చిన్నవాడు, తన మొదటి చిత్రం కథ పట్టుకొని మా షెడ్డుకు వచ్చాడు. తప్పిపోయిన తమ్ముణ్ణి వెతుక్కుంటూ ఒక అమ్మాయి మూతపడిన అభ్రకం గనిలోకి దిగుతుంది, లోపల ఒకటి ఉంటుంది. ఆ ఒకటి ఏమిటో అతను స్క్రిప్టులో రాయలేదు. "అది నువ్వే చెప్పాలన్నా" అన్నాడు. పిశాచానికీ గనికీ కలిపి నిర్మాత ఇస్తానన్న మొత్తం పెద్ద సినిమాల్లో కథానాయకుడి ఇంటి హాలుకు కూడా చాలదు. మామూలుగా వేషం ఒకరు చేస్తారు, సెట్టు ఇంకొకరు వేస్తారు. ఇక్కడ ఇద్దరికి ఇచ్చే డబ్బు లేదు గనుక రెండు పనులూ నా నెత్తిన పడ్డాయి. ఆ రోజు అది నాకు దగా లాగే తోచింది.

మొదటి మూడు వారాల్లో నలభైకి పైగా బొమ్మలు గీశాను. కొమ్ములు, కోరలు, మోకాళ్ల దాకా వేలాడే చేతులు, చొంగ కారే నోరు, వెన్నెముక మీద ముళ్లు, ఇలా ఒకదాన్ని మించి ఒకటి గీసుకుంటూ పోయాను. గీత బాగానే కుదిరింది. దర్శకుడు అన్నీ తిరగేసి, "బాగున్నాయన్నా, కాని ఇది మన గనిలో పుట్టింది కాదు, యాడో విమానమెక్కి వచ్చి రేణిగుంటలో దిగినట్టుంది" అన్నాడు. నాకు రెండు రోజులు ఒళ్లు మండింది. మూడో రోజు ఆ కాగితాలను గోడకు అంటించి చూసుకుంటే అతను అన్నది నిజమే అనిపించింది. ఆ బొమ్మల్లో దేన్నయినా ఏ దేశంలో ఏ గుహలో పెట్టినా సరిపోతుంది, అంటే ఏదీ ఎక్కడిదీ కాదు. మన తెలుగువాళ్ల దయ్యాలు అలా ఉండవు. విఠలాచార్య గారి 1978 నాటి జగన్మోహినిలో దయ్యం పొయ్యిలో కట్టెలకు బదులు కాళ్లు పెట్టి వంట చేసే దృశ్యం ఇప్పటికీ జనం మరిచిపోలేదంటే, కారణం ఆ దయ్యపు ముఖం కాదు, ఆ పొయ్యి. అది చూసినవాళ్ల ఇంట్లోనూ ఉన్న పొయ్యి. మరి మా గనిలో పొయ్యిలాంటిది ఏమిటి?

అది తెలుసుకోవడానికే దర్శకుడూ నేనూ గూడూరు దాటి పాత గనుల వైపు పోయాము. అక్కడి గుంతలు చాలావాటిలో నీళ్లు నిండిపోయి, చుట్టూ సర్కారు తుమ్మ కమ్ముకొని ఉంది. దిబ్బల మీద మాత్రం పారేసిన అభ్రకం ముక్కలు ఎండకు తళతళలాడుతూనే ఉన్నాయి. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో రేడియో వాల్వులకూ విద్యుత్ పరికరాలకూ ఈ రాయి కోసం దేశాలు ఎగబడ్డాయి. మా ఇళ్లలో దాన్ని చూడాలంటే మాత్రం పాత ఇస్త్రీ పెట్టె విప్పాలి, అందులో తీగ చుట్టిన పలక అదే. వేడికి కాలదు, కరెంటును పోనివ్వదు, అన్నిటినీ మించి ఒకే దిక్కుగా పొరలు పొరలుగా విడిపోతుంది. గోరు మొనతో అంచు లేపితే చాలు, పొర కింద పొర వస్తూనే ఉంటుంది. నెల్లూరు అభ్రకానికి లేత ఆకుపచ్చ ఛాయ ఉంటుంది. ఒక పలక కంటికి అడ్డం పెట్టుకుంటే లోకమంతా పాచి పట్టిన చెరువు అడుగు నుంచి చూసినట్టు కనిపిస్తుంది.

అక్కడ మాకు ఒక పెద్దాయన దొరికాడు. కుర్రతనంలో గనిలో పనిచేసినవాడు. మేము సినిమావాళ్లమని తెలిసి, గని లోపల ఎట్లా ఉండేదో చెప్పమంటే, నా చేతిలోని బొమ్మల పుస్తకం తీసుకొని నేను గీసిన సొరంగం చూశాడు. నేను గోడంతా మెరుపు చుక్కలు పెట్టి ఉన్నాను. ఆయన నవ్వాడు. "ఇదేంది, పెళ్లి పందిరి మాదిరి ఉండాది. గోడంతా ఎట్టా మెరుస్తాదబ్బయా? తెల్లరాయి యాడుంటే ఆ పక్కన పొత్తకాలు పేర్చినట్టు ఉంటాది. మిగతాదంతా నల్లంగానే ఉంటాది. అదీ తడిసినప్పుడు చూడాల" అన్నాడు. తరువాత ఆయన చెప్పిన ఇంకో మాట మా సినిమా మొత్తాన్ని మార్చింది, కాని అప్పుడు దాన్ని నేను పట్టించుకోలేదు. లోపల పనిచేసే మనిషి రెండు గంటలు గడిస్తే గోడ రంగులోకి వచ్చేస్తాడట, పక్కన నిలబడినవాణ్ణి ఊపిరి చప్పుడును బట్టే గుర్తుపట్టేవారట.

తిరిగి వచ్చాక నేను చేసిన పొరపాటు, వేషాన్నీ సెట్టునూ రెండు వేరువేరు పనులుగా మొదలుపెట్టడం. పిశాచం వేషం కట్టడానికి కందుకూరు వైపు వీధి నాటకాలు ఆడే ఒక అన్న ఒప్పుకున్నాడు. ఆరడుగుల మనిషి, ఎముకలు లెక్కపెట్టవచ్చు. ముందు ఆయన ముఖానికీ ఛాతీకీ అచ్చు తీయాలి. ఇందుకు పళ్ల డాక్టర్లు వాడే ఆల్జినేట్ వంటి పొడిని నీళ్లలో కలిపి, ముక్కు రంధ్రాలు వదిలేసి ముఖమంతా పూసి, పైన ప్లాస్టరు కట్లు వేసి, గట్టిపడ్డాక జాగ్రత్తగా ఊడదీసి, ఆ గుంతలో ప్లాస్టరు పోస్తారు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, మేము సరిగ్గా ఆ కార్తెలో, మధ్యాహ్నం పన్నెండు గంటలకు, డాబా మీది ట్యాంకు నీళ్లతో ఆ పొడి కలిపాము. ఆల్జినేట్ నీళ్లు ఎంత వెచ్చగా ఉంటే అంత త్వరగా గట్టిపడుతుంది. బకెట్టులోంచి పిడికెడు తీసి ఆయన నుదుటి మీద పెట్టేలోపే బకెట్టులో మిగిలినదంతా గడ్డ పెరుగులా బిగుసుకుపోయింది, నా కుడిచెయ్యి మణికట్టు దాకా అందులోనే ఉంది. అన్న ఒక కన్ను తెరిచి, "తమ్ముడూ, అచ్చు నాకు తీస్తన్నావా, నీకా?" అన్నాడు. మర్నాడు తెల్లవారుజామున నాలుగింటికి, రాత్రంతా మట్టికుండలో పెట్టిన నీళ్లలో ఐసు ముక్కలు వేసి కలిపితే పని సాఫీగా జరిగిపోయింది.

రెండో దెబ్బ ఖరీదైనది. ఆయన అచ్చు మీద నేను నూనె బంకమట్టితో పిశాచం ముఖమూ ఛాతీ మలిచి, దాని మీద ప్లాటినం రకం సిలికాను పోశాను. మర్నాటికి గట్టిపడలేదు, మూడో రోజుకూ లేదు. పైపైన రబ్బరులాగా ఉన్నా, మట్టికి తగిలిన చోటంతా పనసజిగురులా వేళ్లకు సాగుతోంది. ఆ రకం సిలికానుకు గంధకం సోకితే గట్టిపడదు, నేను వాడిన బంకమట్టిలో గంధకం ఉంది. ఆ సంగతి సిలికాను డబ్బాతో వచ్చిన కాగితంలో చిన్న అక్షరాలతో స్పష్టంగా రాసి ఉంది. నేను చదవలేదు. ఇరవై ఏళ్లుగా ఫైబరు పని చేస్తున్నవాడికి కాగితం చదవడం నామోషీ. ఒక బకెట్టు సరుకు, దానితోపాటు పదకొండు రోజులు మలిచిన బొమ్మా పోయాయి.

మళ్లీ సిలికాను కొనే డబ్బు లేక రబ్బరు పాలకు దిగాను. అచ్చులో రబ్బరు పాలు ఒక పూత వేసి, ఆరనిచ్చి, దాని మీద పలచగా దూది పరిచి, మళ్లీ పూత వేసి, ఇలా ఎనిమిది తొమ్మిది పొరలు పెట్టాలి. అమ్మోనియా ఘాటుకు కళ్లు మండుతాయి. ఆరిన రబ్బరు తనకు తానే అంటుకుంటుంది గనుక ఊడదీసేటప్పుడు పౌడరు చల్లుతూ తీయాలి. చాలక ఆరేకొద్దీ కుంచించుకుపోతుంది. ఇవన్నీ తిట్టుకుంటూ చేస్తుంటే, ఆరో పొర మీద ఒకచోట దూది సరిగా తడవక అంచు లేచింది. దాన్ని పీకేద్దామని గోరుతో పట్టుకుంటే పొర మెల్లగా విడివడి, కింద మరో పొర కనిపించింది. నేను ఆ చర్మాన్ని పట్టుకొని చాలాసేపు కూర్చున్నాను. మా అవ్వ చేసిన పనే నేను చేస్తున్నాను. పొరలుగా విడిపోయే రాయి ఉన్న గనిలో పుట్టేది పొరలుగా విడిపోయే చర్మంతోనే పుట్టాలి. కొమ్ములు, కోరలు ఆ పూటతో వదిలేశాను. పిశాచానికి ముఖమే వద్దనుకున్నాను. ముక్కు ఉండవలసిన చోట ఒక అంచు, నోటి చోట ఒక చీలిక, చెంపల మీదా మెడ మీదా పుస్తకం పుటల్లా లేచి ఉన్న రబ్బరు రేకులు మాత్రం మిగిల్చాను. కళ్ల స్థానంలో నిజమైన అభ్రకం పలకలు రెండు అమర్చాము. అవి లోపలి మనిషికి అద్దంలా పనిచేస్తాయి, బయటి నుంచి చూసేవాడికి దీపం ఎదురైన క్షణంలో మాత్రం తెల్లగా మండుతాయి. అన్న ఊపిరికి అవి మసకబారేవి. చూపు కోసం చెంప రేకుల కింద రెండు బెజ్జాలు పెట్టవలసి వచ్చింది.

రేకుల మీద కూడా మొదట నిజమైన అభ్రకం ముక్కలే అంటించాను. అది తెలివితక్కువ పని. ఆ అంచులు బ్లేడుకు ఏమీ తీసిపోవు. మొదటి నడకలోనే అన్న మెడ మీద మూడు గీతలు పడి రక్తం వచ్చింది. తరువాత ముక్కలను దంచి, పిండి జల్లెడతో జల్లించి, ఆ పొడిని రబ్బరు పాలలో రంగుతోపాటు కలిపి పూశాము. మామూలు రంగు రబ్బరు మీద వేస్తే వంగిన చోటల్లా బీటలు తీస్తుంది, రబ్బరులోనే కలిపితే దానితోపాటు సాగుతుంది. దంచేటప్పుడు ముక్కుకు మాస్కు లేకుండా ఎవరినీ షెడ్డులోకి రానివ్వలేదు. మా అవ్వ చివరి రోజుల్లో ఎంతగా దగ్గేదో నాకు గుర్తుంది.

సెట్టుకు చోటు ఆగస్టులో దొరికింది. గనిలోకి దిగే నిలువు బావి కావాలి. బావి తవ్వలేము, ఎత్తైన స్టూడియో అద్దె కట్టలేము. చివరికి కందుకూరు దగ్గర ఒక రైతు పొగాకు బ్యారన్ చూపించాడు. పచ్చి ఆకును కర్రలకు కట్టి, వరసలు వరసలుగా పైదాకా వేలాడదీసి, కింద గొట్టాల వేడితో ఎండబెట్టే ఇటుక గది అది. ఇది 16 అడుగుల చదరం, 20 అడుగుల ఎత్తు. కిటికీలు లేవు, లోపల ఏళ్ల తరబడి పట్టిన కమురు వాసన. ప్రకాశం జిల్లావాళ్లకు అలాంటివి కొత్త కాదు కాని, తలుపు మూసి మధ్యలో నిలబడి పైకి చూస్తే నాకు వీపు జలదరించింది. సంక్రాంతి దాటితే ఆకు కాల్పులు మొదలవుతాయి, ఆలోపు ఖాళీ చేయాలన్నది రైతు షరతు. బ్యారన్‌ను బావిగా, పక్కనున్న రేకుల షెడ్డును సొరంగంగా మార్చాలని నిర్ణయించుకున్నాము.

సొరంగం పొడవు 60 అడుగులు. సరివి కట్టెల చట్రాలకు కోళ్లగూళ్ల జాలీ బిగించి, ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌లో ముంచిన గోనెపట్టాలను దాని మీద నలిపి పరిచి, గట్టిపడుతుండగానే ఉలితో చెక్కాము. ఒక్కో పలక ఊడదీసి పక్కన పెట్టగలిగేలా చేశాము, లేకపోతే కెమెరా పెట్టడానికి చోటుండదు. పేలుడు మందు కోసం రాతిలో వేసిన రంధ్రాలు పేలాక సగం చీలి గోడ మీద గాడుల్లా మిగిలిపోతాయి. అవి ఎంత ఎడంలో, ఏ వాలుగా ఉంటాయో చూడటానికి నేను చీమకుర్తి గ్రానైటు క్వారీల అంచున ఒక పూటంతా నిలబడ్డాను. పైకప్పు మొదట్లో ఐదున్నర అడుగులు, చివరికి వచ్చేసరికి నాలుగడుగులే. దీనివల్ల ఎదుటి నుంచి చూసినప్పుడు సొరంగం రెట్టింపు పొడవుగా కనిపిస్తుంది, ఆ చివర వంగి నిలబడిన ఆరడుగుల మనిషి ఈ లోకంలో పట్టనంత పెద్దగా కనిపిస్తాడు. అమ్మాయి వేషం వేసిన నటి కూడా నడుము వంచకుండా ఒక్క అడుగు వేయలేకపోయింది. ఆ వంగడం నటించవలసిన పని ఆమెకు తప్పింది.

పెద్దాయన మాట ప్రకారం గోడ నల్లగానే ఉంచి, తెల్లరాయి చారలు వేసి, వాటి పక్కనే గుంపులుగా అభ్రకం పొదిగాము. పిశాచానికి పూసిన రంగు సెట్టుకు పూయలేదు. అది వేషం కదా, విడిగా కనిపించాలి అనుకొని దాని చర్మాన్ని కొంచెం తెలుపు చేసి ఉంచాను. సెప్టెంబరులో కెమెరా పెట్టి పరీక్షగా తీసి చూసుకుంటే నీరుగారిపోయాము. సొరంగం సొరంగంలాగే ఉంది, వేషం మాత్రం వేషంలాగే ఉంది. గోడ ముందు రబ్బరు తొడుక్కున్న మనిషి నిలబడ్డాడు, అంతే. కెమెరామన్ ఏమీ అనలేదు, దర్శకుడు బయటికి వెళ్లి చాలాసేపు రాలేదు.

ఆ రాత్రి జరిగింది ఎవరి తెలివీ కాదు. వేషం లోపలి ఉక్కకు తాళలేక అన్న సొరంగం మధ్యలో గోడకు ఆనుకొని చతికిలబడ్డాడు. అభ్రకం పొదిగేటప్పుడు మిగిలిన నల్లరంగు తడి ఆరని గోడ అది. వీపూ భుజాలూ ఒక పక్క ముఖమూ ఆ రంగు పట్టేశాయి. జనరేటరు ఆగిపోయింది. దర్శకుడు సెల్‌ఫోను దీపం వేసుకొని, "అన్నా, యాడున్నావు?" అంటూ లోపలికి వచ్చాడు. దీపం ఊగుతున్నంతసేపూ గోడలోని ముక్కలన్నీ మిలమిలమంటున్నాయి, అందులో అన్న ఎక్కడో తెలియడం లేదు. దర్శకుడు ఆగాడు. చేతిలోని దీపమూ ఆగింది. గోడలోని మెరుపులన్నీ నిలిచిపోయాయి. అతనికి రెండడుగుల దూరంలో, నడుము ఎత్తులో, ఒక చేటంత మేర మాత్రం మెరుపు ఆగలేదు. మెల్లగా మెరుస్తోంది, మెల్లగా ఆరుతోంది. అన్న ఊపిరి తీసుకుంటున్నాడు. దర్శకుడు వేసిన కేకకు బయట చుట్ట కాలుస్తున్న రైతు పరుగెత్తుకొని వచ్చాడు.

అవ్వ చెయ్యి అప్పుడే గుర్తుకు వచ్చింది, పెద్దాయన చెప్పిన ఊపిరి మాట కూడా. మర్నాడే పిశాచం చర్మాన్ని గోడ రంగులో ముంచేశాను. గోడ పలకల నుంచి అచ్చు తీసి అవే పగుళ్లు, అవే గాడులు దాని భుజాల మీద వేశాను. పొదిగిన అభ్రకం కూడా ఒకే జల్లెడలోంచి దిగినది. దర్శకుడు కథలో ఒక పెద్ద మార్పు చేశాడు. మొదట రాసుకున్నదాని ప్రకారం అమ్మాయి పారిపోతుంది, పిశాచం తరుముతుంది. కొత్త స్క్రిప్టులో అమ్మాయికి దీపం కదపకుండా పట్టుకోవడం తప్ప దాన్ని కనిపెట్టే మార్గం లేదు, భయంతో వణికే చేతికి అన్ని గోడలూ బతికినట్టే కనిపిస్తాయి. చిత్రం మొత్తంలో ఆ వేషం పూర్తిగా కనిపించేది రెండు నిమిషాలకు లోపే. నలభై బొమ్మలు గీసిన చేతికి అది మొదట్లో చేదుగానే ఉండింది.

షూటింగు నవంబరు నెలాఖరున మొదలైంది. వేషం బరువు తొమ్మిది కిలోలు. పన్నెండు నిమిషాలకు మించి అన్నను అందులో ఉంచకూడదని రాసిపెట్టుకొని, గడియారం పట్టుకొని ఒక కుర్రవాణ్ణి నిలబెట్టాము. వీపు ఎక్కడా కనిపించదు గనుక అక్కడ రబ్బరు తీసేసి నల్ల గుడ్డ కట్టాము, గాలి ఆడింది. లోపల ఊపిరి ఆడనప్పుడు ఆయన సన్నగా పద్యం అందుకునేవాడు, హరిశ్చంద్రలో కాటి సీను పద్యాలు. రబ్బరు పొరల వెనక నుంచి ఆ రాగం వినిపిస్తుంటే సౌండు పట్టే అబ్బాయి దాన్ని విడిగా రికార్డు చేసుకున్నాడు, చిత్రంలో పిశాచం ఊపిరిలో అది ఎక్కడో కలిసి ఉంది. గోడలు తడిపి ఉంచడానికి పొలంలో మందు కొట్టే స్ప్రేయరు కొత్తది కొన్నాము. ప్లాస్టరు నీళ్లు పీల్చకుండా ముందే రెండు పూతలు వార్నిషు వేశాను కాబట్టి సరిపోయింది. గోడ పగుళ్లలో గుడ్లు కావాలని దర్శకుడు హఠాత్తుగా అడిగితే, నానబెట్టిన సబ్జా గింజలను సగ్గుబియ్యం గంజిలో కలిపి పూశాము. దగ్గరి నుంచి చూస్తే కెమెరామన్‌కే అన్నం సహించలేదు. రాత్రి అయ్యేసరికి మాత్రం చీమలు మొత్తం గుడ్లను మోసుకుపోయాయి.

ఇంకా నాలుగు రోజుల పని ఉందనగా మిచౌంగ్ తుపాను వచ్చింది. డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటింది కాని, దానికి రెండు రోజుల ముందు నుంచే మా వైపు ఆకాశం చిల్లు పడినట్టు కురిసింది. రేకుల షెడ్డు ఒక పక్క లేచిపోయి, సొరంగంలో 20 అడుగులు నీళ్లలో నాని కుప్పగా కూలింది. ఇటుక బ్యారన్ చెక్కుచెదరలేదు. పొలంలో మాత్రం నాటిన పొగాకు మొక్కలన్నీ నీట మునిగి కుళ్లిపోయాయి. రైతు మళ్లీ నారు కొని నాటవలసి వచ్చింది. దానితో ఆ ఏడు ఆకు కాల్పులు వెనక్కి పోయాయి, బ్యారన్ మా చేతిలో మరికొన్ని వారాలు మిగిలింది. ఆయన నష్టం మాకు గడువుగా మారింది. ఆ సంగతి ఆయనే నవ్వుతూ అన్నాడు గాని, నేను ఆయన ముఖం చూడలేకపోయాను. కూలిన సొరంగం ముక్కలను తిరిగి కట్టకుండా కూలినవి కూలినట్టే ఉంచి, గని కూలే దృశ్యం తీశాము. దానికోసం బడ్జెట్టులో అసలు డబ్బు లేదు.

నాకు రావలసిన చివరి వాయిదా ఇప్పటికీ రాలేదు. తెర మీద పేరు పడింది, అక్షరం తప్పుతో.

మిగిలిన సొరంగం పలకలు 40 అడుగులు మా షెడ్డు వెనక చాలాకాలం ఆనించి ఉన్నాయి. 2024 సెప్టెంబరు 7న వినాయక చవితి. దానికి పది రోజుల ముందు పక్క ఊరి కుర్రాళ్లు విగ్రహం బేరానికి వచ్చి, ఆ పలకలు చూసి, "అన్నా, ఇయ్యి కూడా ఇస్తావా? ఈసారి సామిని గుహలో పెడతాం" అన్నారు. ట్రాక్టరు బాడుగ వాళ్లదే అనే ఒప్పందం మీద ఇచ్చేశాను. చవితి నాటి సాయంత్రం వెళ్లి చూస్తే, మా పిశాచం ఊపిరి పీల్చిన గోడ మధ్యన పసుపు పంచె కట్టుకొని వినాయకుడు కూర్చున్నాడు, రంగుల బల్బులు తిరుగుతుంటే గోడంతా సందు లేకుండా మెరుస్తోంది, అచ్చం పెళ్లి పందిరి మాదిరి. పందిరి పక్కన ఒక చిన్న పిల్ల గోడలోంచి అభ్రకం ముక్క పెరికి, గోరుతో అంచు లేపి, ఒక పొర తీసి తన బొటనవేలి గోటి మీద అంటించుకొని, కింద ఇంకా ఎన్ని ఉన్నాయో చూద్దామని రెండో పొర లేపుతోంది.